పిల్లి తవ్విన కుండీ, సగంలో ఆగిన కథ

ప్రశ్న: మా బాల్కనీలో 23 కుండీలున్నాయి. ఆరేళ్లుగా ఒక్కొక్కటే పోగేసుకున్నవి. నాలుగు నెలల కిందట మెట్ల కింద వానకు తడుస్తూ ఒక పిల్లికూన కనబడితే ఇంటికి తెచ్చుకున్నాను. అప్పట్నుంచీ బాల్కనీలో రోజూ రభసే. కుండీల్లో తవ్వి అక్కడే పని కానిచ్చేస్తుంది, ఆకులు కొరుకుతుంది. గత వారం మొగ్గ మీదున్న లిల్లీ మొక్క తెచ్చాను, దాని జోలికైతే ఇంకా పోలేదు. కొన్ని మొక్కల కింది ఆకులు పసుపెక్కి మెత్తబడుతున్నాయి, మట్టి మీద సన్నటి నల్ల దోమలు లేస్తున్నాయి, ఎందుకో తెలీదు. ఇక నా మూడో పిచ్చి చదువు. చిన్న సైన్స్ ఫిక్షన్ కథలు, ఫాంటసీ కథలు ఇష్టం. రాత్రి పడుకునే ముందు ఫోన్‌లో మొదలుపెడతాను. రెండో పేజీకి వచ్చేసరికి అది ఏ లోకమో, ఎవరు ఎవరో అర్థం కాక ఆపేస్తాను. అలా సగంలో ఆగినవి 40 దాకా ఉంటాయి. పూర్తి చేసిన వాటిలోనూ కొన్నిటి ముగింపు బోధపడదు. మావారేమో "ఈ వయసులో ఈ గాలి కథలేంటి? పిల్లో మొక్కలో ఏదో ఒకటి ఉంచుకో" అంటారు. నాకు 49. ఇంట్లోనే కూర్చుని అకౌంట్స్ పని చేస్తాను. మూడింటికీ న్యాయం చేయలేక టెన్షన్‌గా ఉంది. ఏది వదులుకోమంటారు? ఇంకో మాట. సాయంత్రం పూట మా పిల్లి బాల్కనీలో ఒక మూలకేసి కదలకుండా చూస్తూ కూర్చుంటుంది. అక్కడ ఏమీ ఉండదు. అది చూసినప్పుడల్లా ఒక కథ రాయాలనిపిస్తుంది. నవ్వకండి.

సమాధానం: నవ్వలేదు. ఆ మూల సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు లిల్లీ.

మీ ఉత్తరం చదివిన రోజే ఆ కుండీని ఇంట్లోంచి పంపించేయమని మీకు విడిగా రాశాను. మళ్లీ ఇక్కడ ఎందుకంటే, పిల్లిని పెంచేవాళ్లలో కూడా ఈ విషయం తెలియనివాళ్లు చాలామంది ఉన్నారు. పైగా తెలుగులో లిల్లీ అనే పేరు కనబడిన ప్రతి తెల్ల పువ్వుకీ తగిలించేశాం. నేలసంపెంగనీ లిల్లీ అంటాం, దొప్పలాంటి తెల్ల పువ్వు పూసే పీస్ లిల్లీనీ లిల్లీయే అంటాం. పిల్లి కిడ్నీలను దెబ్బతీసేవి ముఖ్యంగా రెండు రకాలు. గడ్డ నుంచి మొలిచి బాకా ఆకారంలో పెద్ద పూలు పూసే అసలు లిల్లీలు ఒకటి, పొద్దున పూసి ఆ రోజుకే వాడిపోయే డే లిల్లీలు రెండోది. మీరు పంపిన ఫోటోలో ఉన్నది మొదటి రకం.

దాంట్లో ఆకు, కాడ, రేక, గడ్డ, అన్నీ విషమే. కొరకనక్కర్లేదు కూడా. పుప్పొడి ఒంటి మీద రాలితే, పిల్లి ఒళ్లు నాక్కునే జంతువు కాబట్టి, ఆ కాస్తా నోట్లోకి పోతుంది. పూలు పెట్టిన వాజులోని నీళ్లు తాగినా ప్రమాదమే. మొదట వాంతులు, తిండి మానేయడం, ఒక చోట ముడుచుకుని పడుకోవడం. ఒకటి నుంచి మూడు రోజుల్లో కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి. 18 గంటల లోపు వెట్ (పశువైద్యుడి) చేతిలో పడి సెలైన్ ఎక్కితే బతికే అవకాశం చాలా మెరుగు, ఆ తర్వాత గంట గంటకీ తగ్గిపోతుంది. అందుకని కొరికిందేమోనన్న అనుమానం వస్తే వాంతి అయ్యేదాకా చూద్దామనుకోకూడదు. మొక్కను ఒక ఫోటో తీసుకుని, పిల్లిని బుట్టలో పెట్టుకుని బయల్దేరడమే.

మీరు పంపిన మొక్కల జాబితా పక్కన పెట్టుకుని మిగతా 22 కూడా చూశాను. గన్నేరును, ఎడారి గులాబీ అని మనం పిలుచుకునే అడీనియమ్‌ను ఇంకెవరికైనా ఇచ్చేయండి. రెండూ ఒకే కుటుంబం, రెండిటి పాలూ గుండె లయను చెడగొట్టేవే, అదీ పిల్లికే కాదు, మనకు కూడా. మనీప్లాంట్, డంబ్ కేన్ అంత ప్రాణాంతకం కాదు. వాటి ఆకుల్లో కంటికి కనబడని సూదుల్లాంటి స్ఫటికాలుంటాయి. కొరకగానే నాలుకకు, చిగుళ్లకు గుచ్చుకుని నోరంతా మంట, చొంగ. ఒకసారి రుచి చూసిన పిల్లి చాలావరకు రెండోసారి పోదు, కానీ ఆ ఒక్కసారి మనం చూడలేం. పైన వేలాడదీస్తే సరి అంటారు. పిల్లికి అందనంత ఎత్తు అనేది ఇంట్లో నాకు ఇంతవరకు ఎక్కడా కనబడలేదు. కలబంద వల్ల వాంతులు, విరేచనాలు. మందారం, మల్లె, గులాబీ, అరెకా పామ్, స్పైడర్ ప్లాంట్ గురించి బెంగ అక్కర్లేదు. స్పైడర్ ప్లాంట్‌ను మాత్రం మీ పిల్లి బతకనివ్వదు. ఆ సన్నటి ఆకులు గాలికి ఊగుతుంటే ఏ పిల్లయినా ఊరుకోదు. దాన్ని పిల్లి వాటాగా రాసిచ్చేయండి.

ఇప్పుడు తవ్వడం గురించి. పిల్లి కుండీ తవ్వుతోంది అని ఒకే మాటలో రాశారు గానీ, తవ్వుడు ఒకటి కాదు. ఒక రోజు కూర్చుని, తిట్టకుండా, చివరిదాకా చూడండి. ముక్కు మట్టికి ఆనించి వాసన చూసి, ముందు కాళ్లతో చిన్న గొయ్యి చేసి, ఒక చుట్టు తిరిగి, తోక కాస్త ఎత్తి, ఎటో శూన్యంలోకి చూస్తూ కూర్చుంటే అది మరుగుదొడ్డి. గొయ్యి పూర్తికాకుండానే పక్కకు దూకి, మళ్లీ వచ్చి, ఎగిరిన మట్టిగడ్డను తరిమితే అది ఆట. మట్టిని వదిలేసి మొక్క మొదలు దగ్గర పక్క దంతాలతో ఆకును నమిలితే దానికి గడ్డి కావాలి.

మొదటి దానికి మందు కుండీలో లేదు, లిట్టర్ ట్రేలో, అంటే పిల్లి మరుగుదొడ్డిగా వాడే ఇసుక ట్రేలో ఉంది. వదులుగా, మెత్తగా, కాస్త చెమ్మగా ఉన్న కుండీ మట్టి ఏ ట్రే కన్నా హాయిగా ఉంటుంది, పైగా మీరు దాన్ని రోజూ శుభ్రంగా ఉంచుతారు. ట్రేని అంత శుభ్రంగా ఉంచుతున్నారా? రోజుకు ఒకసారైనా ఎత్తెయ్యాలి. ఒక పిల్లికి రెండు ట్రేలు ఉండాలన్నది పాత లెక్క, ఆ రెండోది బాల్కనీ గుమ్మం దగ్గరే పెట్టండి. సువాసన కలిపిన ఇసుక వద్దు. ఆ సువాసన మనకోసం చేసింది, దానికది కంపు. ట్రే కుదిరాక కుండీల పైన పిల్లి పాదం కంటే పెద్దవైన గులకరాళ్లు పరవండి. చిన్నవైతే వాటితో కూడా ఆడుకుంటుంది. తవ్విన కుండీల్లో చేతులు పెట్టేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లు ఉండొచ్చు, అవి బయటపడ్డాక ఒకటి నుంచి అయిదు రోజులకు గానీ అంటుకునే స్థితికి రావు. రోజూ ఎత్తెయ్యమనడం అందుకు కూడా. ఇంట్లో గర్భిణులు ఎవరైనా ఉంటే ఈ పని వాళ్లకు అసలు చెప్పొద్దు.

గడ్డి నమలడానికి పరిష్కారం మరీ సులువు. లోతు లేని ట్రేలో గుప్పెడు గోధుమలు ఒత్తుగా చల్లి, పైన పల్చగా మట్టి కప్పి, తడిపి ఉంచితే వారంలో పచ్చటి గడ్డి. రెండు వారాలకు పసుపెక్కుతుంది. ఆ లోపు రెండో ట్రే వేయండి. లిల్లీ తీసేసిన చోట ఇది పెట్టొచ్చు.

ఇక ఆటకు తవ్వేది. పిల్లి రోజులో ఎక్కువ భాగం నిద్రపోతుంది, తెల్లవారుజామున, సందెవేళ లేచి వేటకు సిద్ధమవుతుంది. మీ ఇంట్లో వేట లేదు కాబట్టి కుండీలున్నాయి. సాయంత్రం పది నిమిషాలు తాడు చివర ఈక కట్టి ఆడించండి. చివర్లో ఆ ఈకను పట్టుకోనివ్వాలి, ఆ వెంటనే తిండి పెట్టాలి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర. దాని వరస అది.

ఎరువుల విషయంలో ఒకటి చెప్పాలి, అది నా తప్పు కాబట్టి కాస్త వివరంగానే. మా పెరట్లో గులాబీలకు ఎముకల పొడి వేసిన రోజు సాయంత్రం మా కుక్క ఆ పాదుల్ని వరసపెట్టి తవ్వి పొడి కలిసిన మట్టి తినేసింది. కుక్క ముక్కుకు అది ఎరువు కాదు, మేం పాతిపెట్టి దాచుకున్న భోజనం. రాత్రంతా వాంతులు. ఆ పొడి కడుపులో సిమెంటు ముద్దలా గట్టిపడి పేగుకు అడ్డం పడుతుందని వెట్ చెప్పేదాకా నాకు తెలీదు. మూడు రోజులకు తేరుకుంది. అప్పటికి ఇంట్లో ఆముదం పిండి బస్తా కూడా ఉంది. అదింకా ఘోరం, ఆముదం గింజలోని రైసిన్ అనే విషం సరిగా వేడి చేయని పిండిలో మిగిలిపోతుంది, కుక్కలు దాన్ని ఇష్టంగా తింటాయి. బస్తా ఆ రోజే బయటకు పంపేశాం. పిల్లులు ఈ రెండిటి జోలికి అంతగా పోవు గానీ, నత్తల మందు మాత్రం పిల్లీ కుక్కా ఉన్న ఏ ఇంట్లోనూ ఉండకూడదు. కుక్కలకు వాడే పేలమందులు కొన్నిటిలో పర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి విషం. పక్కింటి కుక్కకు మిగిలిన మందు తెచ్చి పిల్లికి రాయడం లాంటివి చేయకండి.

ఆకుల పసుపు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మీరు నీళ్లు ఎక్కువ పోస్తున్నారు. ఇంట్లో కూర్చుని పని చేసేవాళ్లందరికీ ఈ జబ్బు ఉంటుంది, లేచిన ప్రతిసారీ కాస్త పోసేస్తారు. కింది ఆకులు పసుపెక్కి మెత్తబడుతున్నాయన్నారు, మట్టి మీద సన్నటి నల్ల దోమలు లేస్తున్నాయన్నారు. రెండూ తడి ఆరడం లేదని చెప్పే గుర్తులే. వేర్లకూ గాలి కావాలి, ఎప్పుడూ తడిలో ఉంటే కుళ్లుతాయి. చూపుడు వేలు రెండు కణుపుల లోతు గుచ్చి, చెమ్మ తగలకపోతేనే పోయండి. గులకరాళ్లు పరిచాక మట్టి ఇంకా నెమ్మదిగా ఆరుతుంది, అది గుర్తుంచుకోండి. అలవాటైతే వేలు కూడా అక్కర్లేదు, కుండీ అంచు పట్టి కాస్త ఎత్తి చూస్తే బరువును బట్టి తెలిసిపోతుంది. 23 కుండీలు ఎక్కువని నా అభిప్రాయం. లిల్లీ, గన్నేరు, అడీనియమ్ పోతే 20. ఇంకో ఆరు, మీకు ఎందుకు తెచ్చుకున్నారో గుర్తులేనివి ఉంటాయి. వాటినీ పంచేయండి.

ఇప్పుడు మీవారు పెట్టిన పోటీకి వద్దాం, పిల్లో మొక్కలో కథలో అన్నదానికి. కారెల్ చాపెక్ అని ఒక చెక్ రచయిత ఉండేవాడు. రోబో అనే మాట ప్రపంచానికి ఆయన 1920లో అచ్చయిన నాటకం నుంచే వచ్చింది. ఆ మాట సూచించింది మాత్రం వాళ్లన్నయ్య. అదే మనిషి 1929లో తోటమాలి ఏడాది పొడవునా పడే పాట్ల మీద ఒక పుస్తకం రాశాడు. 1933లో తన ఇంట్లో పుట్టిన కుక్కపిల్ల మీద ఇంకో పుస్తకం. మొక్కలు, పెంపుడు జంతువులు, ఊహా కథలు. మీ మూడు పిచ్చులూ ఒకే ఇంట్లో. ఆయన్ని ఎవరైనా ఏదో ఒకటి ఉంచుకోమన్నారో లేదో గానీ ఆయన మాత్రం దేన్నీ వదలలేదు.

వదలక్కర్లేదని నేనూ అంటున్నాను, కానీ ఓపిక చేసుకోమని కాదు. మీ మూడిటికీ కావాల్సింది ఒకటే నైపుణ్యం, అది మీ దగ్గర ఇప్పటికే ఉంది. పిల్లి దగ్గర వాడుతున్నారు, పుస్తకం దగ్గర వాడడం లేదు.

పిల్లి వచ్చిన మొదటి వారం ఎలా గడిచిందో గుర్తు తెచ్చుకోండి. సోఫా కింద దూరింది. ఎందుకు దూరిందో చెప్పలేదు. గిన్నెలో నీళ్లు వదిలేసి బకెట్ అంచున నాకింది. తోక కొసను ఆడిస్తే సంతోషమనుకుని ముట్టుకున్నారు, గీకింది. కనురెప్పలు నెమ్మదిగా మూసి తెరిస్తే ముందు నిద్ర అనుకున్నారు, తర్వాత తెలిసింది అది మీ దగ్గర నిశ్చింతగా ఉన్నానని చెప్పడం. ఎవరూ మీకు దాని నియమాలు రాసివ్వలేదు. అర్థం కావడం లేదని నాలుగో రోజున పిల్లిని వెనక్కి పంపేశారా? లేదు, చూస్తూ ఉన్నారు. మీ 40 కథల్నీ మాత్రం రెండో పేజీకే వెనక్కి పంపేశారు.

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథ చిన్నదైనకొద్దీ తన లోకాన్ని వివరించడానికి దానికి చోటు ఉండదు. ఆ లోకంలో బతికేవాళ్లు మామూలుగా తిరుగుతుంటారు, మనం గుమ్మంలోంచి చూస్తాం. ఇప్పటికిప్పుడు నేను కల్పించిన వాక్యం ఒకటి చూడండి:

"ఆమె తన రెండో నీడను గుమ్మం బయట వదిలి లోపలికి వచ్చింది."

రాత్రి పదకొండింటికి, అలసిపోయి, ఫోన్‌లో ఇది చదివితే మీరు రెండో నీడ ఏమిటి అని ఆగుతారు. ఏదో వాక్యం మిస్సయ్యానేమోనని వెనక్కి వెళతారు. అక్కడ ఏమీ ఉండదు. విసుగొస్తుంది. అదే పిల్లిని చూసినట్టు చూడండి. ఆమె ఆశ్చర్యపోలేదు, అంటే ఆ ఊళ్లో రెండు నీడలుండడం మామూలే. చెప్పులు విడిచినట్టు విడిచింది, అంటే నీడను విడవొచ్చు, లోపలికి తీసుకురావడం మర్యాద కాదు. మొదటి నీడను విడవలేదు, అంటే దాన్ని విడవడం కుదరదో, విడిస్తే ఏదో అవుతుందో. బయట వదిలిన నీడను ఎవరైనా ఎత్తుకుపోతే? ఇదిగో, కథ మొదలైంది. రచయిత ఇంకో మాట చెప్పకుండానే మీకు ఆ లోకంలో మూడు చట్టాలు తెలిశాయి.

కాబట్టి ఇలాంటి కథ చదివేటప్పుడు "ఇదేమిటి" అని అడగడం కాసేపు మానేసి, "ఇక్కడ ఎవరూ దేనికి ఆశ్చర్యపోవడం లేదు?" అని చూడండి. పాత్రలు దేన్ని మామూలుగా తీసుకుంటాయో అదే ఆ లోకం. అర్థం కాని మాట వచ్చినా ఆగొద్దు, అది మళ్లీ వస్తుంది. మూడోసారి వచ్చేసరికి మీకే తెలిసిపోతుంది. మూడోసారి కూడా తెలియకపోతే ఆ తప్పు మీది కాకపోవచ్చు. చెడ్డ కథలు చాలానే ఉన్నాయి, వాటిని సగంలో ఆపడం నేరం కాదు. మీ 40లో ఒక పది అలాంటివే అయి ఉంటాయి.

రెండో సంగతి, చిన్న కథను ముక్కలుగా చదవకూడదు. నవలైతే వారం పక్కన పెట్టి మళ్లీ అందుకోవచ్చు. చిన్న కథలో మొదటి పేజీలో పెట్టిన చిన్న వస్తువు చివరి పేజీలో పేలుతుంది. మధ్యలో మూడు రాత్రుల నిద్ర వస్తే ఆ వస్తువు మీకు గుర్తుండదు. ముగింపులు బోధపడడం లేదన్నారే, అందులో సగం కారణం ఇదే. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో అవార్డు లెక్కలో చిన్న కథ అంటే 7,500 మాటల లోపు. అంత నిడివి ఉన్న ఇంగ్లీషు కథైనా అరగంట, మహా అయితే ముప్పావుగంట. చాలా కథలు అందులో సగం కూడా ఉండవు.

ఆ అరగంట ఎక్కడిది అంటారు కదా. మీ కుండీల్లోనే ఉంది. మనీప్లాంట్ తప్ప మిగతా చిన్న కుండీలను, కింద చిల్లులున్నవాటిని, పైనుంచి పోయడం మానేసి నీళ్లున్న టబ్బులో కూర్చోబెట్టండి. మట్టి కింది నుంచి నీళ్లు పీల్చుకుని పైభాగం చెమ్మగిల్లడానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. అప్పటిదాకా మీరు చేసే పనేమీ లేదు. కానీ అక్కడే ఉండాలి, మరిచిపోతే వేర్లు నానిపోతాయి. పక్కన కుర్చీ వేసుకుని ఒక కథ. కుండీలు టబ్బులో పెట్టాక మొదలు, బయటకు తీసేలోపు పూర్తి. వారానికి రెండుసార్లు చాలు. పిల్లి ఆ టబ్బు నీళ్లే తాగుతుంది, తన గిన్నెలో నీళ్లు ఉన్నా సరే. అందుకని అందులో ఎరువు కలపకండి. ఇలా చదవడం మొదలుపెట్టాక నాకు ఒకటి తెలిసింది. ముగింపు అర్థం కాని కథ చదివి వెంటనే లేచి కుండీలు ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెడుతుంటే, మూడో నాలుగో కుండీ దగ్గర టక్కున వెలుగుతుంది. ఫోన్ పక్కన పెట్టి లైటార్పేస్తే అలా వెలగదు. అప్పటికీ తెలియకపోతే మర్నాడు మొదటి పేరా మాత్రం మళ్లీ చదవండి. చాలా ముగింపులు అక్కడే దాక్కుని ఉంటాయి.

"ఈ వయసులో గాలి కథలేంటి" అన్న మాటకు మీవారితో వాదనకు దిగొద్దు. ఆయన్ని ఒకసారి బంగారుతీగ గురించి అడగండి. కంచెల మీద, చెట్ల మీద పసుపు దారాల్లా అల్లుకుని ఉంటుంది చూడండి, అది. ఆకుల్లేవు, తిండి సొంతంగా చేసుకోలేదు, మొలకెత్తిన కొద్ది రోజుల్లో ఇంకో మొక్క దొరక్కపోతే చచ్చిపోతుంది. ఆ మొలక గాల్లో గుండ్రంగా తిరుగుతూ టమాటా మొక్క వాసన పట్టి అటువైపు పెరుగుతుందని 2006లో శాస్త్రవేత్తలు ప్రయోగం చేసి చూపించారు. మొక్క లేకుండా దాని వాసన మాత్రమే పెట్టినా అటే పోయింది. ముక్కు లేని మొక్క వాసన చూసి వేటాడుతోంది. పురుగుల్ని తినే వీనస్ ఫ్లైట్రాప్ అయితే లెక్కపెడుతుంది. ఉచ్చులాంటి దాని ఆకు లోపలి వెంట్రుకను పురుగు ఒకసారి తాకితే ఊరుకుంటుంది, సుమారు ఇరవై సెకన్లలో రెండోసారి తాకితేనే మూసుకుంటుంది. లోపల పురుగు కొట్టుకుంటూ ఇంకా కొన్నిసార్లు తాకాక గానీ జీర్ణరసం ఖర్చుపెట్టదు. ఇదంతా ఏ రచయితో రాస్తే గాలి కథ అనేవాళ్లం.

మీవారికి చదివే అలవాటు ఉంటే రెండు కథలు ఇవ్వండి, ఇంగ్లీషులో ఉన్నాయి, పాతవి కాబట్టి ఉచితంగానే దొరుకుతాయి. హెచ్.జి.వెల్స్ 1894లో రాసిన 'ది ఫ్లవరింగ్ ఆఫ్ ది స్ట్రేంజ్ ఆర్కిడ్'లో మొక్కల పిచ్చి ఉన్న ఒక బ్రహ్మచారి ఎండిపోయినట్టున్న ఒక ఆర్కిడ్ దుంపను కొని తెచ్చి, ఇంట్లో వద్దంటున్నా వినకుండా పెంచుతాడు. ఇంతకన్నా చెప్పను. మీవారు ఏదో ఒకటి ఉంచుకోమనే మనిషి కాబట్టి ఇది ఆయనకు బాగా నచ్చుతుందని నా భయం. రెండోది సాకీ రాసిన 'టోబర్‌మరీ'. ఒక పెద్దింటికి విందుకొచ్చిన అతిథి ఆ ఇంటి పిల్లికి మాటలు నేర్పుతాడు. అది అన్ని గదుల్లోనూ తిరిగిన పిల్లి, అన్నీ విన్న పిల్లి. ఇక అతిథుల పరిస్థితి ఊహించుకోండి. పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. అది చదివాక ఆయన ఫోన్‌లో మాట్లాడేటప్పుడు పిల్లి గదిలో ఉందేమోనని చూసుకుంటారు.

న్యాయం చేయలేకపోతున్నానన్న మాట దగ్గర నాకు కాస్త ఇబ్బందిగా ఉంది. లెక్కలు చూసే వృత్తి కాబట్టి మూడు ఖాతాలు తెరిచి మూడిట్లోనూ బాకీ చూసుకుంటున్నట్టున్నారు. పిల్లికి మాత్రం మీరు నిజంగా బాకీ ఉన్నారు, రోజూ, సెలవు లేకుండా. అది ప్రాణం, దాన్ని మీరే తెచ్చారు. మొక్కలకు కొంత. ఒక వారం ఆలస్యమైతే చాలావరకు ఓర్చుకుంటాయి, మీ మొక్కలైతే ఓర్చుకోవడమే కాదు, సంతోషిస్తాయి కూడా. కథలకు అసలేమీ బాకీ లేరు. ఆ 40 పేర్ల జాబితా ఫోన్‌లోంచి తీసేయండి. మంచి కథైతే ఎక్కడో ఒక చోట మళ్లీ ఎదురవుతుంది.

ఇక ఆ మూల. శబ్దం కీచుదనం 20 కిలోహెర్ట్‌జ్ దాటితే మనిషి చెవికి వినబడదు. పిల్లికి 60 దాటాక కూడా వినబడుతుంది. ఎలుకపిల్లలు ఒకదాన్నొకటి పిలుచుకునే అరుపులు కొన్ని మన చెవికి అసలు అందవు, పిల్లికి అందుతాయి. గోడలో పురుగు కదిలినా, పైపులో నీటిచుక్క జారినా దానికది సంగతే. కాబట్టి ఆ మూల ఏమీ లేదని మీరు రాసింది, మీకేమీ వినబడడం లేదని. ఒక సాయంత్రం టార్చి వేసి చూడండి, చీమల బారో, బల్లి సందో కనబడొచ్చు. కనబడకపోవచ్చు కూడా.

కథ మాత్రం టార్చి వేయకముందే రాయండి. పిల్లికి ఏదో కనబడుతోంది అని మొదలుపెట్టకండి, అలా మొదలైన కథలు నేను లెక్కలేనన్ని చదివాను. ఇంట్లో అందరికీ ఆ మూల సంగతి తెలుసు, ఎవరికీ అందులో వింత లేదు, రోజూ దాన్ని తప్పించుకుని కుండీలకు నీళ్లు పోస్తారు అన్నట్టు మొదటి పేరా రాసి చూడండి. ఒక్క పేరా చాలు, నాకు పంపండి.

పంపేటప్పుడు ఇంకొకటి కూడా రాయండి. ఉత్తరం నాలుగు పేజీలుంది, 23 మొక్కల పేర్లూ వరసగా ఉన్నాయి. పిల్లి పేరు మాత్రం ఎక్కడా లేదు.